హాలికుని నామావళి

పేరు మరవని వాడా, నీకు జోహారు.

ఆవగింజ పొట్టలో ఆకుపచ్చని పొలాన్ని మడిచిపెట్టినవాడా, రాజుల పేర్లను రాతి శాసనాలకు వదిలేసి మేడి పట్టినవాడి పేరును నీ చేతులతో నువ్వే మోసుకొచ్చేవాడా, నీ జ్ఞాపకానికి మొక్కి ఒక హాలికుని వంశావళి విప్పుతున్నాను. నా చూపుకు వెలుగువై నిలు. నా మాటకు తడివై నిలు.

కెనడా దేశం, ఒంటారియో రాష్ట్రం. అక్కడ లండన్ అని ఒక పట్నం. దాని గుండా పారే ఏటికి థేమ్స్ అని పేరు. కడలి ఆవల విడిచి వచ్చిన ఊరినీ ఏటినీ పేర్లుగా మూటగట్టి తెచ్చుకున్నవాళ్లు పెట్టుకున్న పేర్లవి. వాళ్లకంటే ఎన్నో తరాల ముందు నుంచి ఆ నేలను ఎరిగిన అనిషినాబె జనులు ఆ నీటిని దుప్పికొమ్ముల నది అని పిలుచుకున్నారు. మేపుల్ చెట్లు శరత్తులో కుంకుమ రాల్చే నేల అది. శీతకాలమంతా ధవళవస్త్రం కప్పుకొని మౌనవ్రతం పట్టే నేల. ఆ పట్నం పొలిమేరలో సైలోమ్ శ్మశానవాటిక ఉంది. గుడ్డివాడు కడుక్కొని చూపుతో తిరిగివచ్చిన సిలోయము కోనేటి పేరు దానిది. అక్కడ ఒక రాతి మీద జార్జ్ లవ్‌లెస్ అనే పేరుంది. అతడు 1874 మార్చి 6న కన్నుమూశాడు. అతని ఇల్లాలు ఎలిజబెత్ అంతకు ఆరేళ్ల ముందే, 1868లో, వెళ్లిపోయింది.

దారిన పోయేవాడికి అది ఒక రైతు సమాధి. ఇంగ్లండు నుంచి వచ్చి, అడవి నరికి, చేను చేసుకొని, పిల్లలను పెంచి, ఆదివారం ప్రార్థనకు వెళ్లి, పండి రాలిన వేలాది వలస రైతులలో ఒకడు. కాని ప్రభూ, నీ పుస్తకంలో 'వేలాది మందిలో ఒకడు' అనే వరుస లేదు. నీ దగ్గర ఒక్కొక్కడూ ఒక్కడే.

వంశం వెతికేవాడు ఏటికి ఎదురీదే చేప. సమాధిరాతి దగ్గర బయలుదేరి జ్ఞానస్నానపు తొట్టి దాకా, చివరి శ్వాస నుంచి తొలి కేక దాకా, చల్లారిన బూడిద నుంచి వెలిగించిన దివ్వె దాకా వెనక్కి నడవాలి. ఆ దారిలో వెతికేవాడికి తోడుగా నువ్వు మనుషులను నిలబెట్టావు. గుమాస్తాలను, గుడి పెద్దలను, ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్లను, చివరికి చెరసాల అధికారులను కూడా. తాము ఎవరి కొలువు చేస్తున్నారో వాళ్లలో చాలామందికి తెలియదు. సిరా ముంచి, కలం దులిపి, ఒక పేరు రాసి, వాళ్లు తమ ఇంటికి వెళ్లిపోయారు. ఆ పేరు మాత్రం అక్కడే ఉంది. నూటయాభై ఏళ్ల తర్వాత ఒక వేలు దాన్ని తాకేదాకా అలాగే ఉంది.

మొదటి మెట్టు జనాభా లెక్క. 1871లో కెనడా ఒక దేశంగా తన ప్రజలను తొలిసారి లెక్క రాసుకుంది. పేరు, వయసు, పుట్టిన దేశం, మతం, మూలవంశం, వృత్తి అనే గడులు గీసుకొని, మంచుకరిగిన బాటల మీద లెక్కలవాళ్లు గడప గడపకూ వెళ్లారు. ఎంత చక్కని ప్రశ్నలవి! నువ్వెవరు, ఎక్కడ పుట్టావు, ఎవరిని కొలుస్తావు, ఎవరి సంతతివి, ఏ పని చేసి బతుకుతావు? ఋషులు అరణ్యాలలో కూర్చొని తమకు తాము వేసుకున్న ప్రశ్నలే ఒక సర్కారు గుమాస్తా వాకిట్లో నిలబడి అడిగాడు. రైతు జవాబు చెప్పాడు. వరుస నిండింది. పుట తిరిగింది.

ఆ జవాబులలో పట్టనిది ఒకటుంది. ఆ ముసలి రైతు ఒకప్పుడు ఖైదీ అని, అతని కోసం ఇంగ్లండులో లక్షలమంది సంతకాలు చేశారని, సంకెళ్లతో భూగోళపు అడుగుకు వెళ్లి తిరిగివచ్చాడని ఆ గడులు అడగలేదు. అతడూ చెప్పలేదు. అతనితో పాటు ఆ కొత్త నేలకు చేరిన సహచరులు కూడా గతం గురించి పెదవి విప్పలేదని, పిల్లలకు సైతం చెప్పుకోలేదని అక్కడివాళ్లు నేటికీ చెప్పుకుంటారు. ఆ మౌనం ఎంత గంభీరం! అవమానాన్ని దాచిన మౌనమో, కీర్తిని వద్దన్న మౌనమో, గాయాన్ని నిద్రపుచ్చిన మౌనమో, ఆ మూడింటినీ కలిపి నీ ముందు పెట్టిన మౌనమో. వాళ్లు నోరు మూసుకున్నారు ప్రభూ, నువ్వు పుస్తకాల నోరు తెరిచావు.

ఇంకో అడుగు వెనక్కి వేస్తే మహాసముద్రం. 1840ల నడుమ ఆ కుటుంబాలు అట్లాంటిక్ దాటాయి. 1865కు ముందు కెనడా తీరానికి చేరినవాళ్ల పేర్లను వరుసగా దాచిన సమగ్రమైన జాబితాలు లేవు. కాబట్టి వెతికేవాడి వేలు ఇక్కడ నీటి మీద ఆగుతుంది. అలలు ఎవరి పేరూ రాసిపెట్టవు. ఓడ వెనక విచ్చుకున్న తెల్లటి చాలు క్షణంలో పూడుకుపోతుంది. అయినా ఆ తెరచాపలను నింపిన గాలివి నువ్వే. ఓడ అడుగు అరలో, ఉప్పు చెమ్మ పట్టిన పరుపు మీద, నిద్రపోని తల్లి ఒడిలోని బిడ్డను జోకొట్టిన ఊపువి నువ్వే. లిఖితం లేని చోట ఉన్నదంతా నువ్వే.

నీటికి ఈవలి ఒడ్డున ఎసెక్స్ జిల్లా. గ్రీన్‌స్టెడ్ అనే పల్లె, పక్కనే హై లేవర్. 1841 జూన్ 6 రాత్రి ఎవరు ఏ ఇంట నిద్రించారో ఇంగ్లండంతా లెక్క తీసింది. ఆ పుస్తకాలు పెన్సిలుతో రాసినవి. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును దిగువ అయిదుకు కుదించి రాయమని ఆజ్ఞ. కాబట్టి ఆ పుటలలో అందరూ కాస్త యౌవనం తిరిగి పొంది కనిపిస్తారు. ఈ జిల్లాలోనే పుట్టావా అనే గడిలో, డోర్సెట్ జిల్లా నుంచి వచ్చినవాడికి దక్కేది 'కాదు' అనే ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరమే దారిదీపం. వీళ్లు ఇక్కడివాళ్లు కారు, ఇంకా వెనక్కి నడువు అని అది వెతికేవాడి భుజం తడుతుంది. పదేళ్ల తర్వాత, 1851 లెక్కల నాటికి, ఆ పల్లెల్లో ఆ కుటుంబాలు లేవు. ఒక పుస్తకంలో ఉండి మరుసటి పుస్తకంలో లేకపోవడం కూడా ఒక వార్తే. ఖాళీ గూడు కూడా పక్షి సంగతి చెబుతుంది.

గ్రీన్‌స్టెడ్‌లో ఒక కొయ్య గుడి ఉంది. సెయింట్ ఆండ్రూ పేరిట వెలసిన ఆ చర్చి గోడలు నిలువునా చీల్చిన ఓక్ దుంగలు. దాదాపు వెయ్యేళ్ల నాటివి. లోకంలో నిలిచి ఉన్న కొయ్య చర్చిలలో అతి ప్రాచీనమైనదని దానికి పేరు. ఎన్ని వానలు తాగి నల్లబడ్డాయో ఆ దుంగలు! ఎన్ని పెళ్లి పాటలు విని మెత్తబడ్డాయో! ఆ గుడిలో 1839లో జేమ్స్ బ్రైన్ అనే యువకుడు ఎలిజబెత్ స్టాండ్‌ఫీల్డ్ అనే అమ్మాయి చేయి అందుకున్నాడు. 1837లో కొత్త చట్టం అమల్లోకి వచ్చిన తర్వాత పెళ్లి పుస్తకంలో వధూవరుల తండ్రుల పేర్లూ వృత్తులూ కూడా రాయాలి. ఒక్క పెళ్లి వరుసలో నాలుగు పేర్లు, రెండు ఇళ్లు, రెండు తరాలు. పందిరి కింద రెండు వంశాలు కలిసినట్టు, పుట మీద రెండు శాఖలు కలిసి నిలిచాయి. కల్యాణదాయకా, మొన్నటిదాకా ఇనుము ఒరిసిన మణికట్టుకు ఆ రోజు నువ్వు పూలస్పర్శ ఇచ్చావు.

ఎందుకంటే ఆ వరుడూ ఖైదు నుంచి వచ్చినవాడే. వధువు తండ్రి థామస్, అన్న జాన్, మేనమామలు జార్జ్, జేమ్స్ లవ్‌లెస్‌లు, అందరూ ఖైదు నుంచి వచ్చినవాళ్లే. ఆ కథ కోసం భూగోళాన్ని తలకిందులు చేయాలి.

దక్షిణ సముద్రాల నడుమ, అప్పట్లో వాన్ డీమెన్స్ లాండ్ అనీ ఇప్పుడు టాస్మేనియా అనీ పిలిచే ద్వీపం. దాని రేవు హోబర్ట్. విలియం మెట్కాఫ్ అనే ఓడ 1834 సెప్టెంబరులో జార్జ్‌ను అక్కడ దించింది. అతనితో పాటు శిక్షపడిన మిగిలిన అయిదుగురిని అంతకు కొన్ని రోజుల ముందే, ఆగస్టులో, సర్రీ అనే ఓడ సిడ్నీకి చేర్చింది. జార్జ్ డోర్చెస్టర్ జైలులో జబ్బుపడి వెనకబడటంతో దారులు వేరయ్యాయి. ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష. సంకెళ్ల ముఠాతో రోడ్డు పని, ఆ తర్వాత సర్కారీ క్షేత్రంలో పశువుల కాపలా.

అక్కడి ఖైదీల పుస్తకాలు చూసినవాళ్లు నిశ్చేష్టులవుతారు. ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క వరుస. వృత్తి, ఎత్తు, వయసు, ఛాయ, తల ఆకారం, జుట్టు రంగు, ముఖం తీరు, నుదురు, కనుబొమలు, కళ్లు, ముక్కు, నోరు, గడ్డం, ఒంటి మీది మచ్చలు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. అయితే చూడు ప్రభూ నీ లీల! ఆ కాలంలో పేదవాడి రూపాన్ని ఏ చిత్రకారుడు గీశాడు? ఏ రైతుకూలీ నుదుటిని, ఏ పనివాడి కనుబొమను ఏ కవి వర్ణించాడు? దొరల ముఖాలు తైలవర్ణాలలో మెరిసే రోజుల్లో పాలేరు ముఖం వానకు తడిసి ఎండకు ఆరి మట్టిలో కలిసిపోయేది. అలాంటిది, శిక్ష రాసిన చేతితోనే నువ్వు కేశాదిపాద వర్ణన రాయించావు. ఆలయంలో అర్చకుడు స్వామి అంగాంగాన్నీ పేరుపెట్టి పూజించినట్టు, కారాగారపు గుమాస్తా ఖైదీ అంగాంగాన్నీ పేరుపెట్టి పుటకెక్కించాడు. ఆస్ట్రేలియా ఖైదీల దస్త్రాలను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చుకుంది. దండన కోసం తెరిచిన పుస్తకం ధరణి మొత్తానికి పారాయణ గ్రంథమైంది.

ఆ ద్వీపంలో ఒక కాపరి ప్రేమ కథ కూడా ఉంది. భార్యను తన దగ్గరికి పంపమని జార్జ్ అర్జీ పెట్టుకున్నాడు. ఈలోగా 1836 మార్చిలో క్షమాభిక్ష మంజూరైంది. స్వేచ్ఛ వచ్చింది, ఓడ ఉంది. అయినా అతడు వెంటనే కదల్లేదు. తాను ఇటునుంచి బయలుదేరితే, తన కోసం ఆమె అటునుంచి బయలుదేరి ఉంటే? నడి సముద్రంలో రెండు ఓడలు ఒకదాన్నొకటి చూడకుండా దాటిపోతే? ఆమె రావడం లేదని తేలేదాకా ఆగాడు. సంకెళ్లు ఊడిన తర్వాత కూడా ప్రేమ వేసిన ముడికి కట్టుబడి నిలిచాడు. 1837 జూన్‌లో ఇంగ్లండు చేరాడు. అతడు వచ్చిన మరుసటి నెల, జూలై 1న, ఆ దేశంలో ప్రతి జననాన్నీ ప్రతి మరణాన్నీ సర్కారే నమోదు చేసే చట్టం అమల్లోకి వచ్చింది. తప్పిపోయిన మనిషి ఇంటికి చేరాడు. ఇక ఎవరూ తప్పిపోకుండా దేశం పుస్తకం తెరిచింది.

ఇంకా వెనక్కి. డోర్చెస్టర్ న్యాయసభ, 1834 మార్చి. ఆ గది, ఆ బోను, కింద ఆ చీకటి కొట్లు నేటికీ ఉన్నాయి. ఆరుగురు రైతుకూలీలు బోనెక్కారు. వారానికి తొమ్మిది షిల్లింగులుగా ఉన్న కూలి ఎనిమిదయింది, ఏడయింది, ఆరవుతుందన్నారు. ఆరు షిల్లింగులతో కుటుంబం గడవదు. కాబట్టి పనివాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. థామస్ స్టాండ్‌ఫీల్డ్ గుడిసె మేడగదిలో, 1833 డిసెంబరులో, కళ్లకు గంతలు కట్టుకొని బైబిలును ముద్దాడి ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. సంఘం పెట్టుకోవడం నేరం కాదు కాబట్టి రహస్య ప్రమాణం నేరమైంది. అందుకు వెతికి తీసిన చట్టం నావికుల తిరుగుబాటు నాటిది, 1797లో చేసినది. జార్జ్ లవ్‌లెస్ పుట్టింది కూడా 1797లోనే. ఒకే ఏట ఒక చట్టమూ ఒక శిశువూ ఈ లోకానికి వచ్చారు. ముప్పై ఏడేళ్లకు ఒకరికొకరు ఎదురుపడ్డారు. ఈనాడు ఆ చట్టాన్ని తలచుకునేవాళ్లు ఆ మనిషి కోసమే తలచుకుంటున్నారు. దివ్యగణితజ్ఞుడా, నీ లెక్కలు మాకు అందవు!

తీర్పు విన్న జార్జ్ ఒక కాగితపు ముక్క మీద కొన్ని చరణాలు రాసి జనంలోకి విసిరాడు. దేవుడే మార్గదర్శి అనే భావంతో అల్లిన పాట అది. మేడి పట్టిన చేతివేళ్లు ఆ క్షణాన కలం పట్టాయి. దుక్కి దున్నిన గొంతు కీర్తన అయింది. అతడు మెథడిస్టు గ్రామబోధకుడు. తనంత తానుగా చదువుకొని, కూలి డబ్బులలో మిగుల్చుకొని పుస్తకాలు కూడబెట్టుకున్నవాడు. వారమంతా భూమితో మాట్లాడి, ఆదివారం ఆకాశంతో మాట్లాడినవాడు. ఆ పాట చెరసాల తలుపులు తెరుచుకోకముందే బయటపడి దేశమంతా తిరిగింది. ఏప్రిల్ 21న ఇంగ్లండు రాజధాని లండన్‌లోని కోపెన్‌హేగన్ ఫీల్డ్స్ మైదానంలో మహాజన సాగరం పొంగింది. రెండు లక్షలకు పైగా సంతకాల అర్జీ భుజాల మీద ఊరేగింది. ఆ సంతకాలలో ఎన్ని వణికే గీతలో! అక్షరం రాని చేతులు పెట్టిన ఇంటూ గుర్తులు ఎన్నో! ఆరు పేర్ల కోసం లక్షల పేర్లు లేచి నిలబడ్డాయి. ఒక్క దీపం అంటించితే కార్తీకమంతా వెలిగింది.

ఇక ఆ ఆరుగురి బంధుత్వాల పందిరి చూడండి. జార్జ్, తమ్ముడు జేమ్స్ లవ్‌లెస్. తోడబుట్టిన డైనియాను పెళ్లాడిన బావ థామస్ స్టాండ్‌ఫీల్డ్. వాళ్ల కొడుకు, జార్జ్‌కు మేనల్లుడు, జాన్. తర్వాతి కాలంలో థామస్ అల్లుడైన జేమ్స్ బ్రైన్. ఆరోవాడు జేమ్స్ హామెట్. ఆరుగురిలో ముగ్గురు జేమ్స్‌లు. ఇంట్లో ఇద్దరు ఎలిజబెత్‌లు, ఒకరు జార్జ్ భార్య, ఒకరు మేనకోడలు. అంతటితో ఆగలేదు నీ విలాసం. 1834 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున వాళ్లను పట్టుకెళ్లడానికి వచ్చిన ఊరి కాన్‌స్టేబుల్ పేరూ జేమ్స్ బ్రైనే! పట్టుకున్నవాడికీ పట్టుబడినవాడికీ ఒకే పేరు. వెతికేవాడు ఇక్కడ తడబడతాడు. వయసును వయసుతో, తేదీని తేదీతో, ఇంటిని ఇంటితో సరిచూసి ఒక్కొక్క పోగూ విడదీస్తాడు. ఆ చిక్కు విప్పే ఓర్పులో ఒక జపం ఉంది. ఒకే నామాన్ని పదేపదే తలిచి, ప్రతిసారీ ఒక కొత్త ముఖాన్ని దర్శించడమే గదా నామజపం.

ఆ తెల్లవారుజామున సంకెళ్లు లేకుండానే వాళ్లు కాన్‌స్టేబుల్ వెంట డోర్చెస్టర్ దాకా ఏడు మైళ్లు నడిచారు. గుడిసెలలో పిల్లలు ఇంకా నిద్రలో ఉన్నారు. తడి గడ్డి మీద ఆ అడుగుల జాడలు పొద్దెక్కేలోగా ఆరిపోయాయి. అవి నీ అరచేతిలో మాత్రం ఆరలేదు.

ఇప్పుడు చివరి మెట్టు, అంటే మొదటి మెట్టు. డోర్సెట్ జిల్లా, టోల్‌పడిల్ గ్రామం. సుద్ద కొండల నడుమ చల్లగా జారే పిడిల్ అనే చిన్న ఏరు. గడ్డి కప్పుల గుడిసెలు, గొర్రెల మందలు, సెయింట్ జాన్ పేరిట ఒక పాత రాతి గుడి. మెథడిస్టులు తమ శ్రమతో కట్టుకున్న చిన్న మందిరం ఒకటి కూడా ఉంది. అది తర్వాత ఏళ్ల తరబడి వ్యవసాయపు కొట్టమై, గడ్డీ గింజా దాచి, మళ్లీ ఇప్పుడు తన పాత పేరు తాను తెచ్చుకుంది.

ఇంగ్లండులో ప్రతి ఊరి గుడీ జ్ఞానస్నానాలను, పెళ్లిళ్లను, సమాధులను పుస్తకానికెక్కించాలని 1538లో ఆజ్ఞ అయింది. ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచమన్నారు. 1598 నుంచి ఏటేటా ఒక ప్రతిని బిషప్పుకు పంపమన్నారు. తర్వాత ఇనప పెట్టె వచ్చింది, 1813 నుంచి అచ్చు గీతల పుస్తకం వచ్చింది. చాలా కాలం ఆ పుటలు గొర్రె తోలువి. కొండ మీద మేసిన గొర్రె, కొండ కింద పుట్టిన బిడ్డ పేరును తన ఒంటి మీద మోసింది! ఇదెంత కరుణ! జమీందారు కొడుకు పేరు తర్వాతి గీత మీదే కూలివాడి కొడుకు పేరు. ఇద్దరికీ ఒకే సిరా, ఒకే గీత, ఒకే తోలు. బయట పొలం గట్లు ఎవరిది ఎంతో చెబుతాయి. లోపల పుట మీద అందరికీ ఒకే వెడల్పు. సమదర్శీ, నీ రాజ్యం ఎలా ఉంటుందో ఒక పల్లెటూరి రిజిస్టరులో నమూనా చూపించావు.

ఆ ఊరి పచ్చిక మీద ఒక సికమోర్ మహావృక్షం. 1680 ప్రాంతంలో మొలకెత్తిందని కొలత వేసి తేల్చారు. దాని నీడలోనే ఆ కూలీలు కూడి కష్టం చెప్పుకునేవాళ్లట. జార్జ్ తాత కంటే ముందు పుట్టి, జార్జ్ మునిమనవల తర్వాత కూడా చిగురిస్తున్న చెట్టు. ప్రతి వసంతంలో కొత్త ఆకు, ప్రతి శరత్తులో రెక్కల గింజ. గాలికి గిరగిరా తిరుగుతూ పోయి ఎక్కడో పడుతుంది ఆ గింజ. పడిన చోటే నేల అంటుంది, పడిన చోటే వేరు దింపుతుంది. డోర్సెట్ కొమ్మ నుంచి రాలిన గింజలు ఒంటారియో మట్టిలో ఇళ్లు కట్టాయి. జాన్ స్టాండ్‌ఫీల్డ్ అక్కడ హోటలు నడిపాడు. జేమ్స్ లవ్‌లెస్ ఒక మెథడిస్టు గుడిని ఊడ్చి, దీపం పెట్టి, గంట కొట్టే కొలువులో వృద్ధుడయ్యాడు. జేమ్స్ బ్రైన్ 1902 దాకా, అంటే మరో శతాబ్దపు వెలుగు చూసేదాకా బతికాడు. వాళ్ల సంతతి నేటికీ ఆ ప్రాంతంలో ఉంది. లండన్ పట్నంలో టోల్‌పడిల్ పేరు పెట్టుకున్న సహకార గృహాలలో ఇవాళ ఎవరెవరో బతుకుతున్నారు. సమష్టిగా నిలబడితే తలదాచుకునే నీడ దొరుకుతుందన్న మాట అక్కడ గోడలై నిలిచింది.

ఆరుగురిలో ఒక్కడే సొంత ఊళ్లో మట్టిలో కలిశాడు, జేమ్స్ హామెట్. ఆ ప్రమాణపు రాత్రి అక్కడ ఉన్నది అతడు కాదని, అతని సోదరుడు జాన్ అని చెబుతారు. సోదరుని భార్య నిండు చూలాలు. పేరు తప్పు పడింది అని హామెట్ అనలేదు. మరొకరి పేరున వచ్చిన శిక్షను తన పేరున రాయించుకొని ఓడ ఎక్కాడు. త్యాగరూపా, నీ శిలువ నీడ ఆ పల్లెటూరి కూలివాడి భుజం మీద ఎంత సహజంగా వాలింది! అతడు 1891లో డోర్చెస్టర్ పేదల ఆశ్రమంలో పోయాడు. 1934లో, శిక్షకు నూరేళ్లు నిండిన ఏట, శిల్పి ఎరిక్ గిల్ చెక్కిన రాయిని అతని తల దగ్గర నిలిపారు. ఆ ఏడే కార్మిక సంఘాలు ఆ ఊళ్లో ఆరుగురి పేర ఆరు ఇళ్లు కట్టాయి. ఏటా జూలైలో వేలమంది జెండాలతో, పాటలతో అక్కడికి వస్తారు. హామెట్ సమాధి మీద పూలు పెడతారు.

ఈ హాలికుని మెథడిస్టు భక్తి మన నేలకు కొత్తది కాదు. వెస్లీ సోదరులతో మొదలైన ఆ కీర్తనల ఏరే సముద్రాలు దాటి మన మెతుకుసీమకూ వచ్చింది. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో లేచిన మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. టోల్‌పడిల్ చిన్న మందిరంలో కూలీలు పాడిన భక్తికీ, మెదక్ గోపురం కింద తెలుగు రైతులు పాడే భక్తికీ ఊట ఒక్కటే.

మహాలేఖకుడా! చిత్రగుప్తుని చేతిలో పుస్తకం పెట్టినవాడా! జీవగ్రంథం విప్పి చదివేవాడా! నిన్ను ఏ పేరుతో పిలిచినా నీ పని పేర్లను కాపాడటమే. గుడి పెట్టెలో దాచావు, చెరసాల పుస్తకంలో దాచావు, పెన్సిలు గీతలో దాచావు, ఓక్ దుంగల మధ్య దాచావు. ఏదీ లేని నడిసంద్రంలో నీలోనే దాచావు. తొమ్మిది షిల్లింగుల మనిషిని తొమ్మిది తరాలు తలచుకునేటట్టు చేశావు. నీ సమృద్ధికి అంతం లేదు. నీ క్రమానికి వంక లేదు.

చదువరీ, మనం తర్పణం విడిచేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతాం. సమాధుల పండుగకు కొవ్వొత్తి వెలిగించేటప్పుడు, జియారత్‌కు పూలు తీసుకెళ్లేటప్పుడు రెండో మూడో పేర్లు తలుచుకుంటాం. నాలుగో పేరు అడిగితే చాలా ఇళ్లలో జవాబు దొరకదు. అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు అడిగితే అసలే దొరకదు. మీ ఇంట్లో ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చోండి. పేరు, ఊరు, చేసిన పని, పడిన కష్టం అడిగి ఒక పుస్తకంలో రాయండి. కింద తేదీ వేయండి. ఆడవాళ్ల పేర్లు మొదట రాయండి, ఎందుకంటే ముందుగా పోయేవి అవే.